పురిటి గదిలో ఎవరి మాట చెల్లాలి?

తెలంగాణలో ప్రతి పది కాన్పుల్లో ఆరు ఆపరేషన్‌తోనే అవుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కచ్చితంగా చెప్పాలంటే 60.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4, దేశం మొత్తమ్మీద 21.5. తెలంగాణలోని ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5 శాతం, అక్కడ మామూలు కాన్పు జరిగితేనే విశేషం. ఈ అంకెలు పత్రికల్లో వచ్చినప్పుడల్లా తప్పెవరిదన్న తగువు మొదలవుతుంది. డాక్టర్ల డబ్బాశ అని కొందరు, నొప్పులకు ఓర్చుకోలేని ఈ కాలపు పిల్లలని కొందరు, ముహూర్తాల పిచ్చి అని మరికొందరు. (ముహూర్తం పెట్టే పంతులుగారికి కాన్పుల జట్టులో ఏ హోదా ఇవ్వాలో ఏ ప్రభుత్వ మార్గదర్శకమూ చెప్పలేదు గానీ, చాలాచోట్ల ఆయన మాటే ముందు చెల్లుతుంది.) ఈ తగువు నడుమ ప్రభుత్వం ఎంచుకున్న మందు మిడ్‌వైఫ్.

2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్ మాతాశిశు ఆసుపత్రి కేంద్రంగా 30 మంది స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు విడుదల చేసింది. ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే కొత్త హోదా పుట్టింది. ఇబ్బందులేవీ లేని గర్భిణికి పురుడు పోయడం నుంచి బాలింత సంరక్షణ దాకా ఆమే చూసుకోవాలి, తేడా కనిపిస్తే డాక్టరుకు అప్పగించాలి, ఇందుకోసం పెద్దాసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లే నడిపే విభాగాలు ఏర్పాటు చేయాలన్నది స్థూలంగా వాటి సారం.

ఇది మంచి పనే, సందేహం లేదు. కాకపోతే మిడ్‌వైఫ్‌ను ఏ కారణం చెప్పి ఆసుపత్రిలోకి తెచ్చామో ఆ కారణమే ఆమె మెడకు చుట్టుకునేలా ఉంది. సిజేరియన్లు తగ్గించడానికి వచ్చిన మనిషి అన్న ముద్ర ఒకసారి పడితే డాక్టరుకు ఆమె పోటీగా కనిపిస్తుంది. సమీక్ష సమావేశాల్లో కూర్చునే అధికారికి అంకెలా కనిపిస్తుంది. కొన్నాళ్లకు తన కళ్లకు తానూ అలాగే కనిపించడం మొదలవుతుంది. ఈ మూడోదే అన్నిటికన్నా ప్రమాదకరం. అది ఎక్కడికి దారితీస్తుందో ఒక దేశం ఇప్పటికే చూసింది. దాని సంగతికి వచ్చేముందు మన పురిటి గది సంగతి చూద్దాం.

పేరుంది, పని లేదు

మిడ్‌వైఫ్ మనకు కొత్తగా ఊడిపడినదేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మిడ్‌వైఫ్‌ల రిజిస్ట్రేషన్ చట్టం 1926లోనే వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు దాని కిందివే. స్వాతంత్ర్యం వచ్చాక గ్రామాలకు పంపిన ఏఎన్‌ఎంలకు (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) మొదట్లో ప్రధానమైన పని కాన్పులే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళార్థ కార్యకర్తగా మార్చమంది. 1977లో ఆమె చదువును రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు కుదించారు. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, రిజిస్టర్లు వచ్చి పడ్డాయి. కాన్పు చేతి నుంచి జారిపోయింది, పదవి పేరులో మాత్రం మిడ్‌వైఫ్ మిగిలిపోయింది. ఊళ్లో మంత్రసానిని పక్కకు తప్పించాం, 2005లో వచ్చిన జననీ సురక్ష యోజనతో తల్లులను ఆసుపత్రికి రప్పించాం. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి తొంభై ఆరుకు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. మాతృ మరణాలు బాగా తగ్గాయి. 2018-20లో లక్ష సజీవ జననాలకు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశ సగటు 97. ఇది చిన్న విజయమేమీ కాదు.

ఆసుపత్రుల్లో నర్సుల పరిస్థితి ఇంకో విచిత్రం. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చదివిన ప్రతి నర్సు సర్టిఫికెట్ మీదా మిడ్‌వైఫరీ ఉంటుంది, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లోనూ ఉంటుంది. కనుక 18 నెలల శిక్షణ ముగించుకుని వచ్చిన మిడ్‌వైఫ్‌ను మొదట ప్రశ్నించేది డాక్టరు కాదు, తోటి సిస్టరే. ‘ఇరవై ఏళ్లుగా మేమూ పురుళ్లు పోస్తున్నాం, ఈమె కొత్తగా చేసేదేముంది?’ అన్నది ఆమె బాధ. అందులో న్యాయం లేకపోలేదు. లేబర్ రూమ్‌లో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసిన సీనియర్ నర్సు చేతి నైపుణ్యం ఏ కోర్సుకూ తీసిపోదు. తేడా ఎక్కడంటే, ఆ సీనియర్ నర్సు తన కళ్లతో చూసిందాన్ని తన నిర్ణయంగా కేస్ షీట్‌లో రాయదు. ‘డాక్టరుగారికి తెలియజేయడమైనది’ అని రాసి ఊరుకుంటుంది. ఆసుపత్రి ఆమెకు అలాగే నేర్పింది.

మిడ్‌వైఫ్‌కు అలా రాసి చేతులు దులుపుకునే వీలు లేదు. ఈ గర్భిణి నా పరిధిలో ఉందా, దాటిందా అని ప్రతి అరగంటకూ తేల్చుకుంటూ ఉండాలి. ఆ తేల్చుకోవడమే ఆమె వృత్తి. బిడ్డను పట్టడం అందులో చివరి పది నిమిషాల పని.

బోధనాసుపత్రుల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. అక్కడ పీజీ డాక్టర్లున్నారు, హౌస్ సర్జన్లున్నారు, నర్సింగ్ విద్యార్థినులున్నారు. అందరికీ లాగ్‌బుక్‌లో నింపాల్సిన కాన్పులున్నాయి. ఇబ్బంది లేని మామూలు కాన్పు అంటే అందరికీ పనికొచ్చే ‘కేసు’. మిడ్‌వైఫ్‌కు కేటాయించినదీ సరిగ్గా ఆ కేసే. ఆమె గర్భిణిని కాసేపు నడిపిస్తుంది, బంతి మీద కూర్చోబెడుతుంది, పక్కకు తిరిగి పడుకున్నా, మోకాళ్ల మీద ఉన్నా కాన్పు చేస్తానంటుంది. కుర్ర డాక్టరుకు ఇవన్నీ కాలయాపనగా తోస్తాయి. అతను చదువుకున్న పుస్తకంలో బొమ్మ ఒక్కటే: వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి. ఒకే టేబుల్ దగ్గర ఇద్దరికి రెండు రకాల చదువులు. నొప్పులు పడుతున్న మనిషి మధ్యలో ఉంటుంది.

ఆయాను మరచిపోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతుంది, లేబర్ రూమ్ తలుపు దగ్గర నిజమైన అధికారం ఎవరిదో. తుడిచేది, మోసేది, అరిచేది, ధైర్యం చెప్పేది, బిడ్డను తెచ్చి చూపించి ఆడపిల్లకింత, మగపిల్లాడికింత అని చెయ్యి చాచేది ఆమే. మిడ్‌వైఫ్ వచ్చి ‘గర్భిణి వెంట తల్లినో అక్కనో లోపలికి రానివ్వండి’ అన్న రోజున ఆ తలుపు దగ్గరి ఏర్పాటంతా కదులుతుంది. తోడుగా ఇంటి మనిషి ఉన్న గదిలో చెంపమీద కొట్టడాలు, కడుపు మీద ఎక్కి నొక్కడాలు సాగవు. జట్టుపని గురించి రాసే కాగితాల్లో ఆయా పేరు కనిపించదు. నెలకు కొద్ది వేల జీతంతో ఏజెన్సీ కింద పనిచేసే ఆమెను కలుపుకోకుండా ఏ మిడ్‌వైఫ్ కూడా గౌరవప్రదమైన కాన్పు చేయలేదు.

రాత్రి రెండున్నరకు ఒక ఫోన్

వృత్తి గుర్తింపు అనగానే మనవాళ్ల దృష్టి యూనిఫాం రంగు మీదికి, తలుపు మీది బోర్డు మీదికి పోతుంది. అవి అవసరమే. కానీ ఆ గుర్తింపు ఉందో లేదో తేలేది ఒక ఫోన్ కాల్‌లో. ఊహించుకోండి. రాత్రి రెండున్నర. తొలిచూలు గర్భిణి, నెలలు నిండాయి. ఉమ్మనీరు పచ్చగా పోతోంది. నొప్పి వచ్చి తగ్గాక బిడ్డ గుండె నిమిషానికి వందకు దిగి, నిదానంగా పైకి వస్తోంది. ఉండాల్సింది 110కి, 160కి మధ్య. డ్యూటీ డాక్టరు రెస్ట్ రూమ్‌లో ఉన్నారు.

ఒక పద్ధతి ఇది: ‘మేడమ్, పదో బెడ్ పేషెంటుకు గుండె కొంచెం తగ్గినట్టుంది మేడమ్, వీలైతే ఒకసారి చూస్తారా?’ అవతలి నుంచి వచ్చే జవాబు కూడా ఊహించవచ్చు. ‘ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టు, మళ్లీ విని చెప్పు.’

రెండో పద్ధతి: ‘మేడమ్, పదో బెడ్, తొలిచూలు, నెలలు నిండాయి, గర్భాశయ ముఖం ఏడు సెంటీమీటర్లు. పదిహేను నిమిషాలుగా ప్రతి నొప్పి తర్వాతా గుండె వందకు పడుతోంది, ఉమ్మనీరు పచ్చగా ఉంది. పక్కకు తిప్పాను, మార్పు లేదు. బిడ్డకు ఇబ్బంది మొదలైందని నా అంచనా. మీరు వెంటనే రావాలి. మత్తు డాక్టరుగారికీ, థియేటర్‌కూ నేను కబురు పెడుతున్నాను.’

రెండో మాటలో నాలుగు ముక్కలున్నాయి: ఇప్పుడేం జరుగుతోంది, దాని పూర్వాపరాలేమిటి, నా అంచనా ఏమిటి, మీరేం చేయాలి. అమెరికా నౌకాదళంలోని జలాంతర్గాముల్లో మొదలై అక్కడి ఆసుపత్రులకు పాకిన ఈ పద్ధతిని ‘ఎస్‌బార్’ అంటారు. మన నర్సింగ్ కళాశాలల్లోనూ పాఠంగా చెబుతున్నారు. పరీక్షలో రాయడం సులువే. మన ఆసుపత్రిలో రాత్రి రెండున్నరకు చివరి రెండు ముక్కలను నోటితో అనడమే కష్టం. ‘నా అంచనా’ అంటే, నీకు అంచనా వేసే అర్హత ఎక్కడిదంటారు. ‘మీరు రావాలి’ అంటే, నాకే ఆర్డర్లు వేస్తోందంటారు. కులం, వయసు, జీతం, ఇంగ్లిష్ పలికే తీరు, ఆడా మగా, అన్నీ ఆ ఒక్క ఫోన్‌లో పనిచేస్తాయి. అందుకే తెలివైన సిస్టర్లు మధ్యేమార్గం కనిపెట్టారు: తమ నిర్ణయాన్ని డాక్టరు నోటి నుంచే వచ్చేలా మాట్లాడటం. ‘మేడమ్, థియేటర్ రెడీ చేయమంటారా?’ అని అడగటం. ఆ నేర్పు ఎందరో బిడ్డలను కాపాడింది. ఆ నేర్పు అవసరమయ్యే వ్యవస్థ మటుకు మంచిది కాదు.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్నది మన సామెత. ఆసుపత్రులు దాన్ని నింద విషయంలో అక్షరాలా అమలు చేస్తున్నాయి. బిడ్డ దక్కకపోతే బంధువులు విరుచుకుపడేది ఎదురుగా ఉన్న నర్సు మీద. సంజాయిషీ నోటీసు ముందు వచ్చేదీ ఆమెకే. నిర్ణయం మాత్రం పై అంతస్తులో ఉంటుంది.

బ్రిటన్ నేర్చుకున్న చేదు పాఠం

అలాగైతే మిడ్‌వైఫ్‌లకు పూర్తి స్వతంత్రం, చట్టబద్ధమైన హోదా, సొంత కౌన్సిలు, సొంత సంఘం ఇస్తే సరిపోతుందా? 1902 నుంచే మిడ్‌వైఫ్‌లకు చట్టం ఉన్న ఇంగ్లండ్‌ను చూడాలి. ఆ దేశంలో మిడ్‌వైఫ్ అంటే నర్సు కాదు, వేరే వృత్తి, వేరే గౌరవం. మన ప్రణాళికలకు నమూనాలో ఎక్కువ భాగం అక్కడిదే.

ఇంగ్లండ్ వాయవ్య తీరాన బారో అనే పట్టణంలో ఫర్నెస్ జనరల్ ఆసుపత్రి ఉంది. అక్కడి ప్రసూతి విభాగం మీద బిల్ కిర్కప్ నాయకత్వంలో జరిగిన విచారణ నివేదిక 2015 మార్చిలో వచ్చింది. 2004 నుంచి 2013 వరకు జరిగిన ఘటనలను తవ్వితే, సరైన వైద్యం అంది ఉంటే ఒక తల్లి, పదకొండు మంది పసికందులు బతికేవారని తేలింది. కారణాల్లో డాక్టర్ల కొరత ఉంది, యాజమాన్యం నిర్లక్ష్యం ఉంది. వాటితోపాటు ఒక చిన్న మిడ్‌వైఫ్‌ల బృందం ఉంది. తోటి ఉద్యోగులు వాళ్లకు ‘మస్కటీర్లు’ అని పేరు పెట్టుకున్నారు. ఏమైనా సరే సహజ కాన్పే కావాలన్నది వాళ్ల పట్టుదల. ప్రమాదమున్న గర్భిణులను కూడా మామూలు వాళ్ల కింద లెక్కవేసుకున్నారు. డాక్టరును పిలవడమంటే ఓడిపోవడం అన్నట్టు నడిచింది వ్యవహారం. డాక్టర్లూ తక్కువ తినలేదు. పిలవలేదు కనుక రాలేదన్నారు. పిల్లల డాక్టర్లకు, ప్రసూతి డాక్టర్లకు, మిడ్‌వైఫ్‌లకు మధ్య మాటలే సరిగా లేవు. ఎవరి దొడ్డి వారిదే. మరణాల మీద ఆసుపత్రి లోపల జరిగిన విచారణలు ఒకరినొకరు కాపాడుకోవడంతో సరిపోయాయి.

ఇది ఒక్క చోటి కథైతే దురదృష్టం అనుకోవచ్చు. 2022 మార్చిలో డోనా ఒకెండెన్ నివేదిక ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రుల్లో 1,486 కుటుంబాల అనుభవాలను పరిశీలించి, 201 మంది శిశువులు, 9 మంది తల్లులు బతికి ఉండేవారేమోనని తేల్చింది. సిజేరియన్లు తక్కువని అంతవరకు మెచ్చుకోలు పొందిన సంస్థ అది. అదే ఏడాది అక్టోబరులో ఈస్ట్ కెంట్ మీద కిర్కప్ మరో నివేదిక: పరిశీలించిన 65 శిశు మరణాల్లో 45 నివారించదగ్గవి. అందులోనూ జట్టుగా పనిచేయలేకపోవడమే ప్రధాన దోషాల్లో ఒకటి. మిడ్‌వైఫ్‌ల రాయల్ కాలేజీ 2017 నాటికే తన సహజ కాన్పుల ప్రచారానికి స్వస్తి చెప్పింది. ఆసుపత్రుల పనితీరుకు సిజేరియన్ల శాతాన్ని కొలబద్దగా వాడటం ఆపేయండని 2022 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ ఆరోగ్య సేవల సంస్థ ఆదేశించింది.

దీన్ని పట్టుకుని ‘చూశారా, మిడ్‌వైఫ్‌లను నమ్మితే ఇంతే’ అనే వాళ్లు మన డాక్టర్ల సంఘాల్లో ఉన్నారు. అది తప్పుడు అన్వయం. ఫర్నెస్‌లో మిడ్‌వైఫ్‌లకు అధికారం ఉండటం తప్పు కాలేదు. డాక్టరు కన్నా మేం వేరని చూపించుకోవడమే అస్తిత్వంగా మారడం తప్పయింది. దానికి అవతలి కొస మన దగ్గర ఉంది: డాక్టరు చెప్పింది చేయడమే నర్సు అస్తిత్వం. ఇక్కడ పిలిచే ధైర్యం లేదు, అక్కడ పిలిచే మనసు లేదు. పాపం, పదో బెడ్ బిడ్డకు రెండూ ఒకటే.

లెక్కపెట్టవలసినవి

ఇప్పుడు మన సంగతి. 2022లో తెలంగాణ ప్రభుత్వం సాధారణ కాన్పులకు ప్రభుత్వాసుపత్రి సిబ్బందికి ప్రోత్సాహకం ప్రకటించింది. ఉద్దేశం మంచిదే. ఆపరేషన్‌కు డబ్బు ముట్టే ప్రైవేటు లెక్కకు ఇది విరుగుడు అనుకుని ఉంటారు. అయితే రాత్రి రెండున్నరకు ఫోన్ చేయాలా వద్దా అని తటపటాయించే మనిషి మనసులోకి ఇంకో తూకం రాయి వేశాం. మొహమాటం సరిపోనట్టు డబ్బు కూడా.

పైగా ఆ లెక్కే సరైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచి రాబ్సన్ వర్గీకరణ వాడమంటోంది. గర్భిణులను పది గుంపులుగా విడదీసి, ఏ గుంపులో ఎన్ని ఆపరేషన్లు అవుతున్నాయో చూసే పద్ధతి అది. మొదటి కాన్పు ఆపరేషన్ అయిన తల్లి మళ్లీ వస్తే ఐదో గుంపులో పడుతుంది. తెలంగాణలో ఇన్నేళ్లుగా పదింట ఆరు సిజేరియన్లు జరిగాక ఆ గుంపు ఎంత పెరిగి ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ తల్లులు మిడ్‌వైఫ్ పరిధిలోకి రారు. ఆమె మార్చగలిగేది నెలలు నిండి, తల కిందికి ఉండి, నొప్పులు వాటంతటవే మొదలై వచ్చిన తొలిచూలు గర్భిణుల సంగతి. ఆ గుంపును వదిలేసి ఆసుపత్రి మొత్తం శాతం పట్టుకుని ‘మిడ్‌వైఫ్ వచ్చి ఏం తగ్గింది?’ అని అడగడం న్యాయం కాదు.

ఆపరేషన్లు తగ్గితేనే మిడ్‌వైఫ్ పనికొచ్చినట్టా? 15 అధ్యయనాలు, 17,674 మంది గర్భిణుల వివరాలతో 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష చూడండి. మొదటి నుంచి చివరి వరకు మిడ్‌వైఫ్‌లే చూసుకున్న చోట నెలలు నిండని కాన్పులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. కోతలు, పరికరాలతో బిడ్డను లాగడాలు తగ్గాయి. తల్లులు తృప్తిగా ఉన్నారు. సిజేరియన్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2024లో వచ్చిన తాజా సమీక్షలో స్వల్ప తగ్గుదల కనిపించింది. ఈ అధ్యయనాల్లో దాదాపు అన్నీ సంపన్న దేశాలవి కనుక మనకు అచ్చంగా వర్తించకపోవచ్చు. అయినా ఒక సంగతి స్పష్టం: ఆమె చేసే మేలులో ఎక్కువ భాగం మన సమీక్ష సమావేశాల్లో ఎవరూ అడగని వరుసల్లో ఉంది. ఎంతమందికి కోత లేకుండా కాన్పయింది, ఎంతమంది వెంట తోడు ఉంది, పిలిచిన ఎన్ని నిమిషాలకు డాక్టరు వచ్చారు. ఈ చివరిది ఏ ఆసుపత్రి రిజిస్టరులోనైనా రాస్తున్నారా? రాయాలి. మిడ్‌వైఫ్ ఎప్పుడు పిలిచిందో, డాక్టరు ఎప్పుడు వచ్చారో ఒకే వరుసలో రాస్తే ఇద్దరి మీదా సమానమైన బాధ్యత పడుతుంది.

డాక్టర్ల భయమూ అర్థం చేసుకోదగ్గదే. తల్లి ఏ డాక్టరు యూనిట్ కింద చేరిందో, తేడా వస్తే కోర్టుకు వెళ్లేది ఆ పేరే. తాను చూడని కాన్పుకు తాను జవాబు చెప్పుకోవాలంటే ఎవరైనా వెనకాడతారు. దీనికి హితబోధలు పనిచేయవు. ఎవరి పరిధి ఎంతవరకో, ఏ గుర్తు కనిపిస్తే ఎవరు ఎవరిని పిలవాలో, పిలుపు అందాక బాధ్యత ఎవరిదో ఇద్దరూ కూర్చుని రాసుకుని, సూపరింటెండెంటు సంతకంతో గోడకు అంటించాలి.

రాసుకోవలసిన చోట్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఎంతసేపు ఆగాలన్నది. పాత పార్టోగ్రాఫ్ (కాన్పు సాగే తీరును గీతలో చూపే చార్టు) లెక్కలో గర్భాశయ ముఖం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి గంటకు ఒక సెంటీమీటరు చొప్పున ముందుకు సాగకపోతే హెచ్చరిక. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మార్చింది. అసలు నొప్పుల దశ ఐదు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని, తల్లీబిడ్డా బాగుంటే గంటకు ఒక సెంటీమీటరు కన్నా నెమ్మదిగా సాగినంత మాత్రాన జోక్యం అక్కర్లేదని చెప్పింది. కొత్త శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ దీన్నే చదువుకుని వస్తుంది. పాతికేళ్ల అనుభవమున్న గైనకాలజిస్టు పాత గీత మీద చెయ్యి తిరిగినవారు. ‘ఇంకా ఆగుదాం మేడమ్’ అని ఒకరు, ‘ఇంకెంతసేపు?’ అని ఒకరు. బయటివాళ్లకు ఇది అహాల గొడవలా కనిపిస్తుంది. నిజానికి రెండు గీతల గొడవ. ఆసుపత్రి ఏ గీతను అనుసరిస్తుందో ముందే తేల్చుకుంటే సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం కలిసి సాధన చేస్తే తీరుతుంది. బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రి 2000 ప్రాంతంలో ఒక పద్ధతి మొదలుపెట్టింది. డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు, మత్తు డాక్టర్లు ఒకే గదిలో, తాము రోజూ పనిచేసే లేబర్ రూమ్‌లోనే, రక్తస్రావం, భుజం ఇరుక్కుపోవడం, ఫిట్స్ వంటి ఆపదలను నటించి చూసుకుంటారు. ఎవరు ఏ సీసా తెస్తారు, ఎవరు టైం చూస్తారు, ఎవరు గట్టిగా పిలుస్తారు. శిక్షణకు ముందు, తర్వాత పోలిస్తే ఊపిరాడక మెదడు దెబ్బతిన్న శిశువుల సంఖ్య పది వేలకు 27.3 నుంచి 13.6కు దిగింది. బారో, బ్రిస్టల్ రెండూ ఇంగ్లండే. రెండింటిలోనూ మిడ్‌వైఫ్‌లకు ఉన్న చట్టం ఒకటే. ఇలాంటి సాధనకు మన జిల్లా ఆసుపత్రిలో కొత్త భవనం అక్కర్లేదు. నెలకు ఒక మధ్యాహ్నం, ఒక బొమ్మ, రావడానికి ఒప్పుకునే సీనియర్ డాక్టరు చాలు. మూడోదే దొరకడం కష్టం.

మన అధికారులు ఒకపక్క శిక్షణకు డబ్బు ఖర్చుపెట్టి, మరోపక్క ఆ శిక్షణను వృథా చేసే అలవాటు మానాలి. లేబర్ రూమ్ సిబ్బందిని వేరే వార్డులకు తిప్పవద్దని, లేబర్ రూమ్‌ల నాణ్యత కోసం కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ మార్గదర్శకాలు చెబుతున్నా, ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి డ్యూటీ వేసే పద్ధతి పోలేదు. ఏడాదిన్నర ప్రత్యేక శిక్షణ పొందిన మనిషి సర్వీసు రిజిస్టరులో ఇంకా స్టాఫ్ నర్సుగానే ఉంటే, బదిలీ అయినా, ప్రమోషన్ వచ్చినా ఆ శిక్షణ గాలికిపోయినట్టే. 2023లో పార్లమెంటు పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. పేరులో మిడ్‌వైఫరీకి చోటు దొరికింది. చదువులు, మదింపు, రిజిస్ట్రేషన్ చూసే మండళ్లు మాత్రం రెండు వృత్తులకూ ఉమ్మడివే. సంఖ్యలో నర్సులదే పైచేయి కనుక, మిడ్‌వైఫ్‌ల కోసం విడి క్యాడర్, విడి ప్రమోషన్ మెట్లు అడగాల్సింది రాష్ట్రాలే. ముప్ఫై మందితో ముందు నడిచిన తెలంగాణకు ఆ మాట అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ.

ఇంత చేసినా తెలంగాణలోని దాదాపు సగం కాన్పులను ఇది తాకదు. 81.5 శాతం అంకె ప్రైవేటుది. ఫెర్నాండెజ్ వంటి ఒకటీ అరా తప్పిస్తే, అక్కడ మిడ్‌వైఫ్‌కు ఉద్యోగమే లేదు. పది పడకల నర్సింగ్ హోమ్‌లో ఒక్క డాక్టరు, ఎప్పుడు పిలిస్తే అప్పుడొచ్చే మత్తు డాక్టరు, పెద్దగా చదువులేని ఇద్దరు సహాయకులు. పన్నెండు గంటలు సాగే కాన్పు దగ్గర కూర్చునేందుకు ఆ డాక్టరుకు తీరిక లేదు, కూర్చోబెట్టేందుకు మనిషీ లేదు. ఆ డాక్టరు ఆపరేషన్‌కు మొగ్గు చూపడంలో ఆశ ఎంతో, ఒంటరితనం అంత. అలాంటి చోట ఇద్దరు మిడ్‌వైఫ్‌లను పెట్టుకుంటే వారి జీతం ఎవరు ఇస్తారు, మామూలు కాన్పు బిల్లులో ఆ ఖర్చు ఎలా కలుస్తుంది, నాలుగైదు నర్సింగ్ హోమ్‌లు కలిసి ఒక జట్టును పెట్టుకోవచ్చా అన్న చర్చ ఇంకా మొదలు కాలేదు. ఆసుపత్రుల అనుమతులు, బీమా రేట్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి కనుక మొదలుపెట్టాల్సింది వైద్యారోగ్య శాఖే.